గణితశాస్త్రజ్ఞుడు పిళ్ళె

సుబ్బయ్య శివశంకరనారాయణ పిళ్ళె 1901వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన తమిళదేశమున కుర్తాళము చెంతనున్న వల్లము గ్రామమున జన్మించెను. పసితనమునందే తల్లి కన్నుమూసెను. ఉన్నత పాఠశాల చదువు ముగియకమునుపే తండ్రియు గతించెను. ఆ బాలుని చదువు అంతటితో ఆగిపోవలసినదే. కాని అతని బుద్ధికుశలతను గుర్తించిన శాస్త్రియార్ అను ఉపాధ్యాయుడు ధనసహాయము చేసి చదువు సాగునట్లు చూచెను. పిళ్ళె నాగర్‌కోయిలులోను, తిరువనంతపురములోను చదివి పట్టభద్రుడయ్యెను. 1927లో మద్రాసు విశ్వవిద్యాలయమున పరిశోధన ప్రారంభించి, 1929 మొదలు 1941 వరకు అణ్ణామలై విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా నుండెను. అతని గొప్ప పరిశోధనలు అచ్చటనే జరిగినవి.

వానిలో ముఖ్యమైనది వేరింగు సమస్య. ఏ పూర్ణసంఖ్యనైనను నాలుగింటికి మించని వర్గముల మొత్తముగను, తొమ్మిదింటికి మించని ఘనముల మొత్తముగను, పందొమ్మిదింటికి మించని నాలుగవ ఘాతముల మొత్తముగను వ్రాయవచ్చునని 1770లో ఎడ్వర్డు వేరింగు అను ఆంగ్లేయుడు చెప్పెను. నిరూపణము మాత్రము చూపలేదు. మరి ఆరవ ఘాతములైనచో ఎన్ని కావలెను?

703 అను సంఖ్యను చూడుడు. 3 యొక్క ఆరవ ఘాతము 729. అది 703 కంటె పెద్దది. కావున 2 యొక్క ఆరవ ఘాతమైన 64ను, 1ని మాత్రమే వాడుకొనవలెను. పది అరువదినాలుగులు 640. మిగిలిన 63కు అరువదిమూడు ఒకట్లు. వెరసి 73 ఘాతములు కావలెను. ఇంతవరకు విద్యార్థులెవరైనను లెక్కింపగలరు. అయితే 73 కూడ చాలని సంఖ్య మరియొకటి ఎచ్చటనైనను కలదా? సంఖ్యలకు అంతము లేదు. ఒక్కొక్కదానినే పరీక్షించుచు పోయినచో ఎన్ని జన్మములైనను చాలవు. అన్నిటికిని ఒక్కమారుగా వర్తించు నిరూపణము కావలెను. 1940లో పిళ్ళె దానిని సాధించి, ఏ సంఖ్యకైనను 73 చాలునని స్థాపించెను.

పిమ్మట అతడు తిరువాన్కూరులోను, కలకత్తాలోను అధ్యాపకుడుగా పనిచేసెను. 1950లో అమెరికాలోని ప్రిన్‌స్టన్ పరిశోధన సంస్థనుండి ఆహ్వానము వచ్చెను. హార్వర్డులో జరుగనున్న అంతర్జాతీయ గణిత మహాసభకును పోవలెనని విమానమున బయలుదేరెను. ఆగష్టు 31వ తేదీన కైరో సమీపమున ఆ విమానము కూలి, నలుబదితొమ్మిదేండ్ల ప్రాయముననే పిళ్ళె మరణించెను.

వేరింగు నాలుగవ ఘాతములనుగూర్చి చెప్పిన మాట 1986లో గాని నిరూపితము కాలేదు. ఆ పనిలో భారతీయుడైన ఆర్. బాలసుబ్రహ్మణ్యన్ కూడ పాలుపంచుకొనెను. పిళ్ళె నడచిన బాట అతనితో ఆగలేదు. తల్లిదండ్రులు లేని ఒక బాలునికి ఒక ఉపాధ్యాయుడు చేసిన మేలు గణితశాస్త్రమునకే మేలైనది.