వేగాన్ని కొలిచే కన్ను

రోడ్డు మీద బండి నడిపేవారిని ఎవరినైనా "ఈ స్పీడు కెమెరాలు ఎందుకు పెట్టారు?" అని అడిగి చూడండి. లారీ డ్రైవరైనా, ఆటో డ్రైవరైనా, మోటారు సైకిలు మీద పోయే యువకుడైనా, సాధారణంగా ఈ నాలుగు జవాబులలో ఒకటి చెబుతారు.

"పది కిలోమీటర్లు ఎక్కువ పోతే ఏం మునిగిపోతుంది?"

"నాకు చేతకాకనా? ఇన్నేళ్లుగా నడుపుతున్నాను, గీత కూడా పడలేదు."

"ఆ యంత్రం సరిగ్గానే కొలిచిందని ఏమిటి నమ్మకం?"

"అంతా డబ్బు గుంజటానికే. కెమెరా దగ్గర తగ్గించి, దాటాక లాగిస్తే సరి."

పెద్దవాళ్లు అన్నంత మాత్రాన ఒప్పుకోవటం గాని, పోలీసులు చెప్పినంత మాత్రాన తలూపటం గాని విజ్ఞాన శాస్త్రం పద్ధతి కాదు. ఒక్కొక్క మాటనూ తీసుకొని, తరగతిలో నేర్చుకొన్న పాఠాలతో పరీక్షిద్దాం.

మా ఇల్లందు బొగ్గు గనుల ఊరు. బొగ్గు టిప్పర్లు, బస్సులు, ఆటోలు, మేతకు పోయే పశువులు, సైకిళ్ల మీద బడికి వచ్చే పిల్లలు, అందరికీ అవే రోడ్లు. ఊరు దాటితే చాలాచోట్ల అడవి, మలుపులు. కనుక ఈ లెక్క మాకు పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. మీ ఊరి రోడ్డుకు కూడా ఇది వర్తిస్తుంది.

పది కిలోమీటర్లు ఎక్కువైతే?

ఎదురుగా హఠాత్తుగా ఒక దూడ రోడ్డు మీదికి వచ్చిందనుకొందాం. డ్రైవరు కన్ను దాన్ని చూడాలి, మెదడు "ఆపు" అనాలి, కాలు బ్రేకు మీదికి పోవాలి. దీనికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి తన పాత వేగంతోనే పోతుంటుంది. దీన్ని ఆలోచన దూరం అందాం. ఆ తరువాత బ్రేకులు పట్టుకొని బండి ఆగేవరకు పోయేది బ్రేకు దూరం.

ఎండిన మంచి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి వేగం సెకనుకు 5 మీటర్లు చొప్పున తగ్గుతుందనుకొందాం. వేగాన్ని వేగంతోనే గుణించి, వచ్చినదాన్ని త్వరణానికి రెట్టింపుతో, అంటే 10తో భాగిస్తే బ్రేకు దూరం వస్తుంది. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లని మీకు తెలుసు. లెక్క కడితే ఇలా వస్తుంది:

గంటకు 36 కి.మీ. : ఆలోచన దూరం 10 మీ., బ్రేకు దూరం 10 మీ., మొత్తం 20 మీ.
గంటకు 54 కి.మీ. : 15 మీ., 22.5 మీ., మొత్తం 37.5 మీ.
గంటకు 72 కి.మీ. : 20 మీ., 40 మీ., మొత్తం 60 మీ.
గంటకు 90 కి.మీ. : 25 మీ., 62.5 మీ., మొత్తం 87.5 మీ.

వేగం 36 నుంచి 72కు రెండింతలయింది. బ్రేకు దూరం మాత్రం నాలుగింతలయింది! కారణం గతిశక్తి. అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బ్రేకులు ఆ శక్తినంతా వేడిగా మార్చితే గాని బండి ఆగదు. వాన పడినప్పుడు, బొగ్గు పొడి తడిసి బురదైన చోట, టైరుకు రోడ్డు మీద పట్టు తగ్గి ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు రెండు బండ్లు పక్కపక్కనే పోతున్నాయనుకోండి. ఒకటి గంటకు 54, రెండవది 72 కిలోమీటర్ల వేగంతో. ఇద్దరు డ్రైవర్లూ దూడను ఒకేసారి చూశారు. మొదటి బండి 37.5 మీటర్లలో ఆగింది. దూడ సరిగ్గా ఆ చివరనే ఉంది, బతికిపోయింది. రెండవ బండి అక్కడికి చేరేసరికి ఎంత వేగంతో ఉంటుంది?

"కొంచెం వేగం మిగిలి ఉంటుంది" అంటారు చాలామంది. లెక్క చూడండి. రెండవ బండి ఆలోచనలోనే 20 మీటర్లు పోయింది. బ్రేకు వేయటానికి మిగిలింది 17.5 మీటర్లే. మొదటి వేగం 20, దాని వర్గం 400. అందులోనుంచి 2 × 5 × 17.5, అంటే 175 తీసివేస్తే 225. దాని వర్గమూలం 15. సెకనుకు 15 మీటర్లంటే గంటకు 54 కిలోమీటర్లు!

అంటే మొదటి బండి పూర్తిగా ఆగిన చోటనే, రెండవ బండి ఇంకా 54 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నది. ఆ వేగంతో గుద్దుకోవటమంటే సుమారు 11.5 మీటర్ల ఎత్తు నుంచి, మూడంతస్తుల మేడ మీదినుంచి నేల మీద పడటంతో సమానం. అక్కడ దూడకు బదులు ఒక పిల్లవాడు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మరి వేగంగా పోయి మిగుల్చుకొనేది ఎంత? 24 కిలోమీటర్ల దారి తీసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోతే 24 నిమిషాలు, 72 చొప్పున పోతే 20 నిమిషాలు. లాభం నాలుగు నిమిషాలు. గతిశక్తి మాత్రం నూటికి 44 వంతులు పెరిగింది. రోడ్ల మీద సగటు వేగం నూటికి ఒక వంతు పెరిగితే, ప్రాణం పోయే ప్రమాదాల అవకాశం సుమారు నాలుగు వంతులు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ లెక్కన వేగం అయిదో వంతు పెంచితే చావు ప్రమాదం దాదాపు రెండింతలవుతుంది. నాలుగు నిమిషాలకు ఇది చాలా పెద్ద ధర!

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది మరణానికి అతివేగం కారణమని ప్రభుత్వ నివేదిక తేల్చింది.

"నాకు చేతనవును"

1981లో స్వెన్సన్ అనే పరిశోధకుడు బండి నడిపే విద్యార్థులను ఒక ప్రశ్న అడిగాడు: "ఈ గుంపులో మిగిలినవారితో పోలిస్తే మీ నైపుణ్యం ఎంత?" అమెరికా విద్యార్థులలో నూటికి 93 మంది, స్వీడన్ విద్యార్థులలో నూటికి 69 మంది తాము మధ్యస్థం కంటే మేలైనవారమని చెప్పారు. ఒక తరగతిలో మధ్య మార్కు కంటే సగం మందికే ఎక్కువ వస్తాయి గదా! 93 మందికి ఎలా వస్తాయి? కనుక ఎవరో అబద్ధమాడారని కాదు. తన నైపుణ్యాన్ని తానే తూచుకొంటే త్రాసు ఒకవైపుకే మొగ్గుతుంది. అందుకే బయటినుంచి కొలిచే పరికరం ఒకటి కావాలి. పైగా ఎంత నిపుణుడి బండి అయినా, బ్రేకు దూరం సూత్రానికి లోబడవలసిందే.

యంత్రం ఎలా కొలుస్తుంది?

రైలు కూత వేస్తూ దగ్గరకు వస్తున్నప్పుడు ఆ కూత సన్నగా, కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటిపోగానే బొంగురుగా మారుతుంది. దీన్ని డాప్లర్ ఫలితం అంటారు. క్రిస్టియన్ డాప్లర్ ఈ సూత్రాన్ని 1842లో ప్రతిపాదించాడు. 1845లో హాలండులో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు రైలు మీద బాకా ఊదేవారిని కూర్చోబెట్టి, సంగీతం తెలిసినవారిని పట్టాల పక్కన నిలబెట్టి, దీన్ని పరీక్షించి చూశాడు.

రాడార్ కెమెరా చేసేదీ ఇదే. కాకపోతే ధ్వనికి బదులు రేడియో తరంగాలను పంపుతుంది. అవి బండికి తగిలి వెనక్కు వస్తాయి. ఎదురు వచ్చే బండికి తగిలిన తరంగాల పౌనఃపున్యం పెరుగుతుంది. సెకనుకు 2,400 కోట్ల కంపనాలున్న తరంగం, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు తగిలి తిరిగివస్తే ఎంత తేడా వస్తుంది? తరంగం పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మారుతుంది కనుక వేగాన్ని రెండింతలు చేసి, పౌనఃపున్యంతో గుణించి, కాంతి వేగంతో భాగించాలి. జవాబు 4,000 కంపనాలు. 2,400 కోట్లలో ఇది ఎంత స్వల్పమో! అయినా పంపిన తరంగాన్ని, వచ్చిన తరంగాన్ని కలిపితే ఈ తేడా విడిగా బయటపడుతుంది. దాన్ని లెక్కపెట్టటం యంత్రానికి సులువు.

పోలీసులు చేత్తో పట్టుకొనే లేజర్ గన్ పద్ధతి వేరు. అది కాంతి మెరుపులను పంపి, అవి తిరిగి రావటానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కడుతుంది. 300 మీటర్ల దూరంలోని బండిని తాకి రావటానికి కాంతికి సెకనులో పది లక్షల వంతులు రెండు మాత్రమే పడుతుంది. దూరం ఎంత త్వరగా తగ్గుతున్నదో చూస్తే అదే వేగం.

మూడవ పద్ధతి మీకు అయిదో తరగతి లెక్కే. పది కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు పెట్టి, బండి నంబరును, గడియారాన్ని నమోదు చేస్తారు. ఆ దారిలో పరిమితి 80 అయితే 7.5 నిమిషాలు పట్టాలి. ఆరు నిమిషాల్లోనే వచ్చిందంటే సగటు వేగం 100. ఈ పద్ధతిలో, కెమెరా దగ్గర మాత్రం తగ్గించి మధ్యలో లాగిస్తే ప్రయోజనం లేదు.

యంత్రాలు తప్పే చేయవా? చేయవచ్చు. నంబరు ప్లేటు మీద మట్టి ఉంటే 3ను 8గా చదవవచ్చు. కనుకనే పరికరానికి ధ్రువపత్రం ఉండాలని, కెమెరా ఉన్నచోట ముందుగా కనిపించే బోర్డు పెట్టాలని, తప్పు జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలని 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. పొరపాటు చలానా పడితే ఫొటో చూసి అభ్యంతరం చెప్పుకోవటం పౌరుడి హక్కు. ఒక సంగతి గమనించండి: బండి వచ్చే దారికి ఏటవాలుగా నిలబడి రాడార్‌తో కొలిస్తే, అసలు వేగం కంటే తక్కువే కనిపిస్తుంది. 20 డిగ్రీల కోణంలో, సరిచేయని యంత్రం 100ను 94గా చూపుతుంది. ఆ తప్పు డ్రైవరుకే మేలు!

ఇంకొక చమత్కారం. ఈ కెమెరాను తయారుచేసింది పోలీసు కాదు. 1953లో మాంటీకార్లో ర్యాలీ గెలిచిన హాలండు డ్రైవరు మారిస్ గాట్సొనిడస్. మలుపులలో తన కారు ఎంత వేగంగా పోతున్నదో తెలుసుకొని, ఇంకా వేగం పెంచుకోవటానికి అతను దీన్ని చేసుకొన్నాడు. తరువాత అదే పోలీసుల చేతికి వచ్చింది.

డబ్బు కోసమేనా?

కెమెరాల వల్ల ప్రాణాలు దక్కుతాయా అన్నది అభిప్రాయం కాదు, లెక్కించదగిన విషయం. వివిధ దేశాలలో జరిగిన 35 అధ్యయనాలను 2010లో ఒకచోట చేర్చి పరిశీలించారు. కెమెరాలున్న పరిసరాలలో ప్రాణం తీసే, తీవ్రంగా గాయపరిచే ప్రమాదాలు నూటికి 11 నుంచి 44 వరకు తగ్గినట్లు వాటిలో తేలింది. అంటే కెమెరా మంత్రదండం కాదు గాని, వట్టి డబ్బు పెట్టె కూడా కాదు.

అయితే డ్రైవర్ల అనుమానంలో ఆలోచించదగిన భాగం కూడా ఉంది. వేగ పరిమితి బోర్డు చెట్టు కొమ్మల చాటున ఉంటే, ప్రమాదాలు జరిగే మలుపు వదలి తిన్నని రోడ్డు మీద కెమెరా పెడితే, జనానికి నమ్మకం పోతుంది. జరిమానా తీరు కూడా ముఖ్యమే. తెలంగాణలో పేరుకుపోయిన చలానాల మీద 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. వెయ్యి రూపాయలకు మొదటిసారి 250, రెండవసారి 200 కడితే సరిపోయింది. బాకీలు వసూలయ్యాయి. కాని వెంటనే పూర్తిగా కట్టినవాడు ఏమనుకొంటాడు? "ఆగితే తగ్గుతుంది" అనే పాఠం అందరికీ అలవడితే జరిమానాకు భయం ఉంటుందా? శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే, అది తప్పక పడుతుందన్న నమ్మకమే నేరాన్ని ఎక్కువగా ఆపుతుందని ఇటలీ పండితుడు బెకారియా 1764లోనే రాశాడు.

మీరు చేయండి

మీ ఉపాధ్యాయుల సమక్షంలో, బడి ప్రహరీ లోపలే నిలబడి ఈ పని చేయవచ్చు. రోడ్డు మీదికి పోకూడదు. రోడ్డు పక్కనున్న రెండు చెట్లనో, స్తంభాలనో గుర్తులుగా తీసుకొని, వాటి మధ్య 50 మీటర్లు ఉండేలా పెద్దల సాయంతో కొలవండి. బండి మొదటి గుర్తు దాటినప్పుడు ఒకరు చెయ్యి దించాలి, రెండవ గుర్తు దాటేవరకు మరొకరు స్టాప్ వాచీతో కాలం చూడాలి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. మూడు సెకన్లయితే 60, నాలుగయితే 45. ఈ సూత్రం ఎలా వచ్చిందో మీరే రాబట్టండి.

యాభై బండ్ల వేగాలు రాసి పట్టిక వేయండి. తరువాత మీ ఇంట్లో, వీధిలో బండి నడిపే పదిమందిని మొదట చెప్పిన నాలుగు మాటల గురించి అడగండి. వాదించవద్దు, జవాబులు రాసుకోండి. ఆఖరున రెండు బండ్లు, ఒక దూడ లెక్క వారి ముందు వేసి చూపి, మళ్లీ అడగండి. ఎంతమంది జవాబు మార్చుకొన్నారు?

ప్రశ్నలు

1. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, 60 మీటర్ల దూరంలోని అడ్డంకిని ఎంత వేగంతో గుద్దుతుంది? (పై లెక్కలోని విలువలనే తీసుకోండి.)
2. డ్రైవరు సెల్‌ఫోను చూస్తూ ఒక సెకనుకు బదులు మూడు సెకన్లు తీసుకొంటే, 54 కిలోమీటర్ల వేగంలో ఆగే దూరం ఎంత?
3. మీ బడి దగ్గర ఒకే ఒక్క కెమెరా పెట్టే అవకాశం ఉంటే ఎక్కడ పెడతారు? కారణాలు రాయండి.