పాత టీవీకే కొత్త ప్రసారాలు

పాత టీవీలో అంతర్జాల ప్రసారాలు రావని వాయిదాల మీద కొత్తది కొనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొనేముందు టీవీ వెనుక భాగాన్ని పరిశీలించాలి. అక్కడ హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే, ఫైర్ టీవీ స్టిక్ వంటి చిన్న పరికరం, ఇంట్లో వైఫై ఉంటే చాలు.

బొమ్మ తరచూ ఆగిపోతుంటే దోషం టీవీది కాకపోవచ్చు. హెచ్‌డీ ప్రసారానికి సెకనుకు సుమారు 5 మెగాబిట్ల వేగం అవసరం. గంటకు 3 గిగాబైట్ల వరకు డేటా ఖర్చవుతుంది. రోజుకు 2 గిగాబైట్లిచ్చే మొబైల్ ప్లాన్‌తో రెండున్నర గంటల తెలుగు సినిమా ఆ నాణ్యతతో పూర్తికాకపోవచ్చు. కనుక ముందుగా ఇంటి ఇంటర్నెట్ ప్లాన్‌ను, ఆ తరువాతే పరికరాన్ని ఎంచుకోవాలి.

అద్దె ఇల్లు మారినా ఆ పరికరం చేతిసంచిలో వెంట వస్తుంది. వాయిదాల భారం మాత్రం ఉండదు.