డ్రాగన్ ఎముకల కొండ

చీనా రాజధానియగు బీజింగు నగరమునకు నైరుతి దిశను సుమారు 50 కిలోమీటర్ల దూరమున జౌకౌడియన్ అను చోటు కలదు. అచ్చటి సున్నపురాతి కొండలలో నొకదానికి ‘డ్రాగన్ ఎముకల కొండ’ యని పేరు. పూర్వము జనులు అందు దొరకు ఎముకలను, తమ కథలలోని మహాసర్పమగు డ్రాగన్ యొక్క ఎముకలని తలంచెడివారు. అట్టి ఎముకలను నూరి ఔషధములందు వాడుట చీనాలో వాడుక.

1921వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఆ కొండను పరిశోధింపసాగిరి. అచ్చటి ఎముకలు ప్రాచీన మృగములవని తేలెను. వానిలో మనుష్యుని దంతములను పోలిన దంతములు రెండు కనబడెను. 1927లో పెద్ద త్రవ్వకములు ఆరంభమయ్యెను.

1929వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీ సాయంకాలమున పెయ్ వెన్‌జోంగ్ అను ఇరువదియైదేండ్ల యువకుడు ఇరుకైన గుహలో కొవ్వువత్తి వెలుతురున వెదకుచుండెను. మట్టిలో సగము పూడియున్న కపాల మొకటి అతని కంటబడెను. అది తడిసి మెత్తబడియుండెను. అతడు దానికి జిగురు కాగితములు చుట్టి, సెగను ఆరబెట్టి, బీజింగునకు భద్రముగా చేర్చెను. ఆ కపాలము నేటి మానవుల కంటె పూర్వమున్న, నిటారుగా నడచిన యొక జాతివారిది. వారు సుమారు 7 లక్షల నుండి 4 లక్షల సంవత్సరముల క్రిందట అచ్చట సంచరించిరి.

1937లో యుద్ధము వచ్చి త్రవ్వకములు నిలిచిపోయెను. అప్పటికి సుమారు నలువదిమంది అస్థికలును, వేలకొలది రాతి పనిముట్లును లభించెను. 1941లో ఆ అస్థికలను అమెరికాకు పంపి రక్షింపదలచి పెట్టెలలో సర్దిరి. కాని ఆ డిసెంబరు నెలలో యుద్ధము అచ్చటికిని వ్యాపించెను. పెట్టెలు జాడ తెలియకపోయెను. నేటికిని అవి దొరకలేదు.

అయినను సర్వము నశింపలేదు. వైడెన్‌రైక్ అను పండితుడు ప్రతి ఎముకను కొలిచి, వర్ణించి, చిత్రములు వ్రాయించి, ప్లాస్టరు ప్రతిరూపములు చేయించియుండెను. 1966లో అదే గుహలో మరి రెండు కపాలపు ముక్కలు దొరకెను. అవి 1934, 1936 సంవత్సరములలో దొరకి పోయిన ముక్కల ప్రతిరూపములతో చక్కగా అతుకుకొనెను. ఒకే మనుష్యుని కపాలము ముప్పది యేండ్ల యెడబాటు తరువాత మరల నొకటయ్యెను.

నేడు అచ్చటి ప్రదర్శనశాలలో చూపరులు దర్శించునవి, పోయిన కపాలముల ప్రతిరూపములే. త్రవ్వి తీసిన వస్తువును కాపాడుట యెంత ముఖ్యమో, దానిని గూర్చి శ్రద్ధతో వ్రాసియుంచుటయు నంత ముఖ్యమని అవి తెలుపుచున్నవి.