తొండి ఎక్కడ మొదలవుతుంది?

నెమలి వేణుగోపాలస్వామి గుడి దారిలోనైనా, తిరువూరు బస్టాండులోనైనా నలుగురు కుర్రాళ్లు ఫోన్ల మీద వంగి కూర్చున్నారంటే కాసేపటికి ఒక కేక వినిపిస్తుంది: “ఒరేయ్, వీడు హ్యాకర్‌రా! రిపోర్ట్ కొట్టు!” గోడ చాటున ఉన్నవాణ్ని కూడా చూపించే వాల్‌హ్యాక్, గురి తప్పనివ్వని ఎయిమ్‌బాట్ ఎదుటివాడి ఫోన్లో ఉన్నాయని వాళ్ల అనుమానం.

ఆ కోపం న్యాయమైనదే. మరి వాళ్ల బాబాయిల తరం నెట్ సెంటర్లో ‘వైస్ సిటీ’ ఆడుతూ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్న చీట్ కోడ్‌ల సంగతేమిటి? ‘పాంజర్’ అని టైప్ చేస్తే యుద్ధ ట్యాంకు దిగేది. ‘ఆస్పిరిన్’ అంటే ప్రాణం నిండేది. అది తొండి కాదు. ఆ కోడ్‌లు పెట్టింది ఆట తయారుచేసినవాళ్లే. అవి వాడితే అవతల నష్టపోయే మనిషీ లేడు.

అవతల మనిషి ఉన్నప్పుడే లెక్క మారిపోతుంది. 2021 జూన్ 13న కోవిడ్ సహాయ నిధి కోసం విశ్వనాథన్ ఆనంద్ పలువురు ప్రముఖులతో ఆన్‌లైన్‌లో చదరంగం ఆడారు. జెరోధా సహ వ్యవస్థాపకుడు నిఖిల్ కామత్ ఆయన్ను ఓడించారు. కంప్యూటర్ల సాయం, ఆట తెలిసినవాళ్ల సాయం తీసుకున్నానని మర్నాడు కామత్ ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. సరదా కోసమేననుకున్నా, ఆ సరదాకు ఆనంద్ ఒప్పుకోలేదు కదా! తొండి మొదలైంది అక్కడే. సంకల్పం మంచిదైనంత మాత్రాన ఎదుటివాడి ఒప్పుదల అక్కర్లేకుండా పోదు.

డబ్బు, పేరు పణంగా ఉన్న చోట దెబ్బ తోటివాళ్లకూ తగులుతుంది. 2018 అక్టోబరులో షాంఘైలో కౌంటర్-స్ట్రైక్ పోటీ జరుగుతుండగా ఆప్టిక్ ఇండియా ఆటగాడు ‘ఫర్‌సేకన్’ కంప్యూటర్‌లో ‘వర్డ్’ పేరుతో దాచిన చీట్ ప్రోగ్రామ్ నిర్వాహకుల కంటపడింది. అతనికి అయిదేళ్ల నిషేధం పడింది. జట్టే రద్దయిపోయింది. ఏ తప్పూ చేయని నలుగురు సహచరులు రోడ్డున పడ్డారు.

నిబంధన మీరకపోయినా తేల్చుకోవలసిన సందర్భాలుంటాయి. 2020లో తొలి ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ సెమీఫైనల్లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి చివరి టైబ్రేక్ ఆట గెలిచి భారత్‌ను ఫైనల్‌కు చేర్చారు. రష్యాతో ఆ ఫైనల్ ఆడుతుండగా ఇద్దరు భారత ఆటగాళ్లకు ఇంటర్నెట్ తెగిపోయి, గడియారంలో సమయం అయిపోయింది. భారత్ అప్పీలు చేసింది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించింది. అది సరైన తీర్పు. నెట్ పోయినవాడి మీద గెలుపు ఆటలో సంపాదించుకున్నది కాదు.

సిగ్నల్ వచ్చీపోయే ఊళ్లలో ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. స్నేహితుల మధ్య ఆటలో ఎదుటివాడి బొమ్మ ఒక్కసారిగా కదలకుండా నిలబడిపోయినప్పుడు కాల్చాలా, ఆగాలా? అలాగే తండ్రీకొడుకులు ఫోన్లో చెస్ ఆడేటప్పుడు ‘అన్‌డూ’ నొక్కవచ్చా? “నాన్నా, అన్‌డూ ఉందా, లేదా?” అని పిల్లవాడు ముందే అడిగితే తండ్రి అప్పుడే తేల్చి చెప్పాలి. ఓడిపోబోతున్నప్పుడు తానూ ఆ మాట మీదే నిలబడాలి.