వీశెలు – మణుగులు, బిట్లు – బైట్లు

మన పల్నాటి పెద్దల తరములో సరుకును వీశెలలోను మణుగులలోను తూచెడివారు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. నూరు వీశెల బెల్లమును నూరు మణుగులని చెప్పి బేరమాడబోయినవాడు సంతలో నవ్వులపాలు కాక తప్పదు. కంప్యూటరు విషయములో ఇదే పొరపాటును చదువుకొన్నవారు సైతము నిత్యము చేయుచున్నారు. ఎవరును నవ్వుట లేదు.

కంప్యూటరులో సమాచారమునకు మిక్కిలి చిన్న కొలత బిట్. అది సున్న గాని, ఒకటి గాని. ఎనిమిది బిట్లు ఒక బైట్. నెట్‌వర్కు వారు తమ తీగ వేగమును సెకనుకు ఇన్ని బిట్లని చెప్పుదురు. సమాచారమును నిలువచేయు డిస్కుల వారు సెకనుకు ఇన్ని బైట్లని చెప్పుట పరిపాటి. కావున 15 మెగాబిట్ల కనెక్షను ఉన్న ఇంటికి సెకనుకు వచ్చునది 1.875 మెగాబైట్లే. 700 మెగాబైట్ల చలనచిత్రము దిగుటకు ఆరు నిమిషముల పైన పట్టును. 'పదిహేను అన్నారు, రెండు కూడ రావడము లేదు' అని అలిగెడివారిని మేము చూచుచునే ఉన్నాము. అక్కడ మోసమేమియు లేదు, ఎనిమిదితో భాగింపలేదు, అంతే.

ఈ లెక్క మనవంటి కళాశాలలకు ఏల అవసరమనగా, పాత కంప్యూటర్లు ఎన్నో మూలన పడియున్నవి. వాటి ఐ.డి.ఇ. డిస్కులలో ప్రవేశ పట్టికలు, మార్కుల జాబితాలు, ఉర్దూలోను తెలుగులోను కూర్చిన పాత వ్యాసములు నిలిచియుండును. డిస్కు తిరుగు యంత్రము. దానికి ఆయువు కలదు. అది ఆగిపోకముందే అందలి సమాచారమును కొత్త యంత్రమునకు చేర్చవలెను.

40 గిగాబైట్ల డిస్కు ఒకటి ఉన్నదనుకొందము. దాని మీద ఏ.టి.ఏ.–100 అని ఉన్నది, అనగా సెకనుకు 100 మెగాబైట్లు. గదిలోని నెట్‌వర్కు కూడ 100దే, కాని అవి మెగాబిట్లు. రెండును నూరే గదా అని సంతోషించువాడు 400 సెకనులలో, అనగా ఏడు నిమిషముల లోపున, పని ముగియునని తలచును. తీగ మీద పోవునది సెకనుకు 12.5 మెగాబైట్లు. అందులోను ప్రతి 1500 బైట్ల కట్టకు చిరునామాలు, తనిఖీ అంకెలు, నడుమ ఖాళీ తోడగును. ఉత్తరముతో పాటు కవరు బరువు కూడ తపాలాలో లెక్కకు వచ్చినట్లే. అది పోగా మిగులునది సుమారు 11.9. కాబట్టి పట్టు కాలము 56 నిమిషములు. ఏడు నిమిషములని నమ్మినవాడు పదవ నిమిషమున యంత్రము బిగుసుకొన్నదని స్విచ్చి తీసివేయును. ప్రాతబడిన డిస్కుకు అంతకంటె అపాయము లేదు.

ఇక అసలు చిక్కు. 2003 ప్రాంతమున వచ్చిన సాటా డిస్కుల వేగమును మాత్రము 1.5 గిగాబిట్లని బిట్లలోనే చెప్పిరి. ఎనిమిదితో భాగించినచో 187.5 మెగాబైట్లు రావలెను, వచ్చునది 150. కారణమేమనగా, ఆ తీగలో ప్రతి ఎనిమిది బిట్లను పది బిట్లుగా మార్చి పంపుదురు. సున్నలు, ఒకట్లు సమతూకముగా ఉండి, అవతలి కొన కాలము తప్పక చదువుకొనుటకు ఆ అదనపు రెండు బిట్లు. కావున ఇక్కడ పదితో భాగింపవలెను. వింత ఏమనగా, ఫైబరు మీద నడచు గిగాబిట్ ఈథర్‌నెట్ కూడ ఎనిమిదిని పది చేసియే పంపును. కాని తీగ మీద 1.25 గిగాబిట్లు పోవుచుండగా, వారు అదనమును తీసివేసి ఒక్క గిగాబిట్ అని పేరు పెట్టిరి. అందుచేత దానిని ఎనిమిదితోనే భాగింపవలెను, 125 మెగాబైట్లు. ఒకరు గోనెతో సహా తూచి చెప్పిరి, ఒకరు గోనె తరుగు తీసి చెప్పిరి. విద్యార్థులు పరీక్షలో తప్పునది ఎక్కువగా ఇచ్చటనే.

మణుగు మాటకు మరల వత్తము. మద్రాసు మణుగు 25 పౌనులు. ఉత్తరాదిన 'మన్' అని పిలిచెడి 40 సేర్ల బెంగాలు మణుగు 82 పౌనుల పైన. కిలోబైటు గతియు ఇంతే: కొందరికి 1000, కొందరికి 1024. ఈ గందరగోళము తీర్చుటకు 1998లో 1024 వానికి 'కిబి' యని వేరు పేరు పెట్టిరి గాని వాడుక అంతగా కుదురలేదు. డిస్కుల వారును, నెట్‌వర్కు వారును వేయి లెక్కనే వాడుదురు కనుక వారి నడుమ మార్పిడికి 1024తో పని లేదు. 40 గిగాబైట్ల డిస్కును విండోస్ 37.25 అని చూపుటకు మాత్రము ఆ 1024 కారణము.

కమిటీ వారు వస్తువులు కొనునపుడు గమనింపదగినది ఒకటి. ఏ.టి.ఏ.–100 అనునది దారి వెడల్పే గాని డిస్కు పరుగు కాదు; ఆనాటి డిస్కులకు అందులో సగము అందుకొనుటే గగనము. సెకనుకు 50 మెగాబైట్లు వచ్చినను, గిగాబిట్ స్విచ్చి ఉన్నచో పై పని పదునాలుగు నిమిషములలో ముగియును. అంతకు మించిన ఖరీదైన పరికరమునకు ధనము వెచ్చించుట ఈ పనికి వృథా. పొదుపు పేరిట పాత యు.ఎస్.బి. 1.1 ద్వారము గుండ పంపినచో, అది 12 మెగాబిట్లు, అనగా 1.5 మెగాబైట్లు, ఏడు గంటల ఇరువదినాలుగు నిమిషములకు తక్కువ కాదు. అంతసేపు కరెంటు పోకుండ ఉండవలెను, ముసలి డిస్కు వేడెక్కకుండ ఉండవలెను.