సమర్పణకు సంఘం ఎందుకు?

ప్రభువునందు ప్రియమైన బాబుకు,

ఉద్యోగం మానేసి నీ జీవితాన్ని దేవునికి సమర్పించుకోవాలని తీర్మానించుకున్నావనీ, అది నీకూ ఆయనకూ మధ్య సంగతి గనుక సంఘంతో పని లేదనీ రాశావు. మొదటి మాటకు దేవునికి స్తోత్రం. రెండో మాట సరికాదు. రోమా పత్రిక పన్నెండో అధ్యాయం తెరిచి మొదటి వచనం నిదానంగా చదువు. పౌలు అర్పించమన్న శరీరాలు అనేకం, యాగం మాత్రం ఒక్కటే. గ్రీకులోనూ అంతే, మన తెలుగు బైబిల్లోనూ అంతే. ఒక్క ఏకవచనం మీద ఇంత బరువు మోపవచ్చా అంటావేమో, కిందికి చదువు. నాలుగో వచనానికల్లా ఒకే శరీరంలోని అవయవాల మాట వస్తుంది. ఆ వెంటనే పరిచర్య చేయడం, బోధించడం, పంచిపెట్టడం, కరుణించడం, అతిథికి చోటివ్వడం. ఎదుట మరో మనిషి లేకుండా వీటిలో ఏది చేయగలవు?

మన నేలమీదే చూడు. బిషప్ అజరయ్య గారు 1909లో దోర్నకల్ వచ్చారు. తమిళుడై ఉండీ మన కోసం తెలుగు నేర్చుకున్నారు. ఆయన్ను పంపింది విదేశీ మిషను కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఏర్పరచుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు గనుక ఆయన పేరు నిలిచింది. కానుకలిచ్చిన ఆ కుటుంబాల పేర్లు మనకు తెలియవు. ఆ కుటుంబాల సమర్పణ లేకుంటే అజరయ్య గారి సమర్పణ దోర్నకల్ దాకా నడిచేదా? ఇక్కడ బాప్తిస్మం పొందినవారిలో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని మాల, మాదిగ కూలీలు. పేదలు కదా, వీళ్ళేమివ్వగలరని ఆయన వదిలేయలేదు. సువార్త చెప్పే బాధ్యతా, కానుక ఇచ్చే బాధ్యతా వాళ్ళకే అప్పగించారు. పేదవాడికి అంతకన్నా పెద్ద గౌరవం నాకు తోచదు.

సంఘాల్లో కులం పట్టింపులున్నాయి, ఆస్తి తగాదాలు కోర్టుకెక్కాయి అంటావు. నిజం, సిగ్గుపడాల్సిన నిజం. కానీ పౌలు ఆ యాగం మాట రాసింది ఐక్యంగా ఉన్న సంఘానికి కాదు. అదే పత్రిక పద్నాలుగో అధ్యాయం చూస్తే తిండి గురించీ, దినాల గురించీ ఒకరినొకరు తీర్పు తీర్చుకుంటున్న సంఘం కనిపిస్తుంది. వాళ్ళు బాగుపడేదాకా ఆగమని ఆయన ఎవరితోనూ చెప్పలేదు.

నీ రెండో భయం ఇంకా బరువైనది: సమర్పణ పేరు చెప్పి నాయకులు మనిషిని వాడుకుంటారని. అలా జరుగుతుంది కూడా. అందుకే గుర్తుపెట్టుకో, నిన్ను నువ్వు అర్పించుకునేది దేవునికి, కాపరికి కాదు. పొలం అమ్మకముందు అది నీదే, అమ్మిన తర్వాత సొమ్మూ నీ చేతిలోదే అని, పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకున్న అననీయకు పేతురు స్పష్టం చేశాడు. అతని తప్పు ఇవ్వకపోవడం కాదు, అబద్ధం. యెరూషలేము పేదల కోసం కానుకలు కూడబెట్టినప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు ఇతర సహోదరులను వెంట ఉంచుకున్నాడు. లెక్క అడిగితే కోపం తెచ్చుకునే నాయకుడి కింద నువ్వు ఉండనక్కరలేదు. అయితే అలాంటివాణ్ణి నిలదీయడానికి కూడా నలుగురు కావాలి. ఒంటరివాడే తేలిగ్గా మోసపోతాడు.

కనుక ఉద్యోగానికి రాజీనామా ఇంకా రాయవద్దు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దల దగ్గర కూర్చుని నీ తీర్మానం చెప్పు. వాళ్ళు అడిగే ప్రశ్నలు, నొప్పించినా సరే, చివరిదాకా విను. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయి.

ప్రభువునందు,
నీ పెదనాన్న