మూడు ఊళ్ల మీదుగా ఒక చుట్టు



చిన్న విమానంలో పొద్దున బయలుదేరి, దారిలో రెండు మూడు చిన్న విమానాశ్రయాల్లో దిగి, పొద్దు గుంకకముందే మొదటి చోటికి తిరిగి రావడం పైలట్లకు ఎంతో ఇష్టమైన ప్రయాణం. అమెరికాలో ప్రజలందరూ వాడుకోదగిన విమానాశ్రయాలు 5,000కు పైగా ఉన్నాయి. వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో పైలట్లకు పాస్‌పోర్టు లాంటి చిన్న పుస్తకం ఇస్తారు, దిగిన ప్రతిచోటా అందులో ముద్ర వేయించుకోవచ్చు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో విమానం నేర్చుకున్నవాళ్లకు ఇది సెలవురోజు కాలక్షేపం. మన దేశంలో చిన్న విమానాలు ఎక్కువగా శిక్షణ సంస్థల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి ఇలాంటి ప్రయాణం సాధారణంగా లైసెన్సు చదువులో భాగంగానే జరుగుతుంది.

లైసెన్సు నిబంధనల్లోనే ఈ ప్రయాణానికి చోటుంది. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి, కనీసం 40 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటల్లో ఒంటరిగా చేసే 150 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఉంటుంది. అందులో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, 200 గంటలు కావాలి, ఆ ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు పెరుగుతుంది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఒకే రన్‌వే మీద వందసార్లు ఎక్కి దిగినవాళ్లకు ఆ రన్‌వే కళ్లకు అలవాటైపోతుంది. చెట్టు ఎక్కడ, నీళ్లట్యాంకు ఎక్కడ అన్న గుర్తులతోనే పని జరిగిపోతుంది. కొత్త రన్‌వే ఎదురైనప్పుడే అసలు నేర్పు ఎంతో తెలుస్తుంది. నిబంధన రెండు వేర్వేరు చోట్ల దిగమనడం అందుకే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లున్న దక్షిణ తెలంగాణ ప్రాంతానికి ఇలాంటి ప్రయాణం కొత్తేమీ కాదు. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం నడిపారు. బొంబాయి నుంచి మద్రాసు వరకు దాన్ని నెవిల్ వింట్‌సెంట్ తీసుకెళ్లారు, మధ్యలో దిగిన ఊరు బళ్లారి. అది గద్వాలకు నైరుతిగా ఆకాశమార్గంలో సుమారు 150 కిలోమీటర్ల దూరం. అహ్మదాబాదులో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. టాటా విమాన సర్వీసు మొదలైందే చిన్న మైదానాల మధ్య ఇలా ఎక్కుతూ దిగుతూ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ప్రయాణికుల విమానాశ్రయం ఒక్కటీ లేదు. పక్కనే మహబూబ్‌నగర్ జిల్లాలో గుడిబండ దగ్గర ఒకటి కట్టాలని తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించింది. కాబట్టి ఈ మూడు ఊళ్లను పై నుంచి చూడాలనుకునే పైలట్ వేరేచోట ఎక్కి వేరేచోట దిగాలి. ఉత్తరాన బేగంపేట, దక్షిణాన కర్నూలు దగ్గరి ఓర్వకల్లు, తూర్పున కృష్ణ కుడిగట్టు మీద విజయపురి సౌత్‌లోని నాగార్జునసాగర్ మైదానం. ఈ మూడింటినీ కలిపితే ఒక్క పగటిపూటకు సరిపోయే చక్కటి చుట్టు తయారవుతుంది. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. బేగంపేట రన్‌వే మూడు కిలోమీటర్లు దాటుతుంది. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 152కు ఈ రెండూ చాలినదానికన్నా ఎక్కువే.

ప్రయాణం మొదలయ్యేది ముందురోజు సాయంత్రం, బల్ల మీద పరిచిన పటం దగ్గర. మొదటి భాగం బేగంపేట నుంచి ఓర్వకల్లు దాకా. అందులో ముందుగా వచ్చేది నాగర్‌కర్నూల్, సుమారు 58 నాటికల్ మైళ్లు. అక్కడి నుంచి నైరుతికి తిరిగితే వనపర్తి, ఆపై గద్వాల. రోడ్డు మీద తిరిగేవాళ్లకు తట్టని విషయం ఒకటి పటం మీద కనిపిస్తుంది: ఈ మూడు ఊళ్లూ దాదాపు ఒకే సరళరేఖలో ఉన్నాయి. ఒక్కో ఊరికీ మధ్య దూరం ఇంచుమించు 17 నాటికల్ మైళ్లు. గంటకు 100 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్లే విమానానికి ఒక్కోటీ పది నిమిషాలు.

ఇంత చక్కగా సమానంగా ఉన్న మూడు గుర్తులు దొరకడం నేర్చుకునేవాళ్లకు వరం. నాగర్‌కర్నూల్ పక్కన కేసరి సముద్రం చెరువు రెక్క కిందికి రాగానే గడియారం నొక్కాలి. గాలి లేకపోతే పదో నిమిషానికి వనపర్తి రావాలి. పన్నెండున్నర నిమిషాలు పట్టిందంటే నేల మీద వేగం ఎనభైకి పడిపోయినట్టు, అంటే ఎదురుగాలి గంటకు ఇరవై నాటికల్ మైళ్లు ఉన్నట్టు. అప్పుడే లెక్క మార్చుకోవాలి: గద్వాలకు కూడా పన్నెండున్నర నిమిషాలు, ఓర్వకల్లుకు మొదట రాసుకున్న సమయానికి మరికొన్ని నిమిషాలు, ఇంధనంలో అంత కోత. జీపీఎస్ ఉన్నా ఈ లెక్క చేతితో వేయడం మానకూడదు. జీపీఎస్ ఆగిపోయిన రోజున మిగిలేది గడియారం, దిక్సూచి, నేల మీది గుర్తులే.

ఆ గుర్తులకు ఇక్కడ కొదవ లేదు. హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. దానికి పడమరగా గద్వాల మీదుగా కర్నూలుకు రైలు పట్టాలు. గద్వాలకు ఎగువన జూరాల ఆనకట్ట గేట్ల వరుస దూరం నుంచే తెలుస్తుంది. గద్వాల దాటితే కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ, దాని తూర్పు కొసన తుంగభద్ర ఒడ్డున అలంపురం గుళ్లు. ఒకటి కనిపించకపోయినా ఇంకొకటి దారి చూపుతుంది. తుంగభద్ర దాటగానే ఓర్వకల్లు టవర్‌ను పిలవడానికి సిద్ధంగా ఉండాలి. గద్వాల నుంచి అక్కడికి సుమారు 38 నాటికల్ మైళ్లు.

రెండో భాగంలోనే అసలు వివేకం కావాలి. ఓర్వకల్లు నుంచి నాగార్జునసాగర్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే సుమారు 83 నాటికల్ మైళ్లు వస్తుంది, ఆ గీత నల్లమల అడవి మీదుగా పోతుంది. ఇంజన్ ఒక్కటే ఉన్న విమానం, ఆ ఇంజన్ ఆగిపోతే వెయ్యి అడుగుల ఎత్తుకు ఒకటిన్నర నాటికల్ మైలు మాత్రమే తేలుతూ పోగలదు. నేలకు ఐదు వేల అడుగుల ఎత్తున ఉన్నా చేతిలో ఉండేది ఏడెనిమిది మైళ్లు. ఆ అడవిలో అంత దూరంలో దిగడానికి చదునైన పొలం దొరకని చోట్లు చాలా ఉన్నాయి. కృష్ణ లోయ కూడా కొండల మధ్య ఇరుకు. కాబట్టి తిన్నని గీతను వదిలేసి కొల్లాపూర్, అచ్చంపేట, దేవరకొండ మీదుగా అడవి అంచు వెంబడి చుట్టి రావడమే సరైన దారి. అది సుమారు 100 నాటికల్ మైళ్లు. పెరిగేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ కింద చేన్లు ఉంటాయి. సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయం వెనుకనీళ్లు, కుడివైపు నీలంగా నల్లమల కొండలు కూడా కనిపిస్తాయి, కాబట్టి చూపుకు నష్టమేమీ లేదు. సమయం ఆదా కోసం అడవి మీదుగా పోవడం తెలివి కాదు, ఎంత అనుభవం ఉన్నా కాదు.

సాగర్ నుంచి బేగంపేటకు సుమారు 73 నాటికల్ మైళ్లు. మొత్తం కలిపితే చుట్టు 300 నాటికల్ మైళ్ల దాకా వస్తుంది, గాలిలో దాదాపు మూడు గంటలు. కమర్షియల్ లైసెన్సు లెక్కకు దీన్ని ఎలా కొలవాలో బయలుదేరకముందే శిక్షకుడిని అడిగి తేల్చుకోవాలి.

ఇంధనం లెక్క చిన్నదే, కానీ ప్రాణం దాని మీదే ఉంటుంది. సెస్నా 152 మామూలు ట్యాంకుల్లో వాడుకోదగినది సుమారు 93 లీటర్లు, గంటకు ఖర్చు 23 లీటర్ల దాకా. మూడు గంటలకు 69, ముప్పావు గంట నిల్వకు మరో 17. మిగిలేది ఏడు లీటర్లు. నేల మీద నడవడానికి, మూడుసార్లు పైకెక్కడానికి అది చాలదు. అందువల్ల దారిలో నింపుకోవాలి, లేదా పెద్ద ట్యాంకులున్న సెస్నా 172 తీసుకోవాలి. ఈ విమానాలు తాగేది ఏవీగ్యాస్. అది ప్రతి విమానాశ్రయంలో దొరకదు. చాలాకాలం విదేశాల నుంచే వచ్చేది, 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గరి గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టింది. పెద్ద విమానాల్లో పోసే ఏటీఎఫ్ కిరోసిన్ జాతిది, అది ఈ ఇంజన్‌లో పడితే ఇంజన్ ఆగిపోతుంది. నింపిన ప్రతిసారీ రెక్క కింది వాల్వు నుంచి పారదర్శకమైన చిన్న గ్లాసులోకి కొద్దిగా వంచి వెలుతురుకు పెట్టి చూడాలి. ఏవీగ్యాస్ లేతనీలంగా ఉంటుంది. నీళ్లు కలిసి ఉంటే అడుగున బుడగలా వేరుగా నిలుస్తాయి. నీళ్లు కనబడకుండా పోయేదాకా వంచుతూనే ఉండాలి. ఈ పని ఇంకొకరు చేశారని నమ్మి వదలకూడదు.

అనుమతులు ముందురోజే అడగాలి. నాగార్జునసాగర్ లాంటి మైదానంలో దిగాలంటే దాన్ని నిర్వహించేవాళ్ల ముందస్తు అనుమతి తప్పనిసరి. ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేయాలి, వైమానిక రక్షణ విభాగం ఇచ్చే ఏడీసీ నంబరు, సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్‌ఐసీ నంబరు రాసుకోవాలి. హైదరాబాదు చుట్టూ హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలున్నాయి, దక్షిణాన శంషాబాదు పెద్ద విమానాల రాకపోకలున్నాయి. అక్కడ కంట్రోలర్ చెప్పిన ఎత్తు, చెప్పిన దారి తప్ప సొంత నిర్ణయం పనికిరాదు.

వాతావరణానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం, పొద్దున నదుల మీద మంచు విడిపోయాక బయలుదేరితే చాలు. వానాకాలంలో మబ్బు కిందికి దిగుతుంది. కంటిచూపుతో నడిపే విమానానికి 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి, మబ్బుకు నిలువునా వెయ్యి అడుగులు, అడ్డంగా 1,500 మీటర్లు ఎడం ఉండాలి. ఎండాకాలం ప్రమాదం వేరు. బేగంపేట సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది, అంటే 1,740 అడుగులు. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం సుమారు 5 వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తుతుంది, పైకి మెల్లగా ఎక్కుతుంది. పొద్దున ఇద్దరితో హాయిగా లేచిన విమానం మధ్యాహ్నం అదే బరువుతో చెట్ల మీదికి కష్టంగా రావచ్చు. పైగా సాయంత్రం ఉరుముల మబ్బులు. కాబట్టి ఎండాకాలంలో చుట్టు పొద్దున పదకొండు గంటలలోపే ముగియాలి.

కొత్త మైదానంలో దిగేముందు గాలి దిశ చూపే విండ్‌సాక్ చూడాలి. అడ్డగాలిలో దిగి చూపించిన గరిష్ఠ హద్దు సెస్నా 152కు గంటకు 12 నాటికల్ మైళ్లు. అది తయారీ సంస్థ పైలట్ చేతిలో, నేర్చుకునేవాళ్ల హద్దు దానికన్నా తక్కువే. రన్‌వే వెడల్పు కూడా కంటిని మోసం చేస్తుంది. బేగంపేటకు అలవాటుపడ్డ కంటికి ఇరుకైన రన్‌వే దూరంగా, విమానం ఎత్తుగా ఉన్నట్టు అనిపిస్తుంది, దాంతో తెలియకుండానే కిందికి వచ్చేస్తారు. ఎత్తును కంటితో కాక ఆల్టిమీటర్‌తో సరిచూసుకోవాలి, ఆ ఆల్టిమీటర్‌లో అక్కడి పీడనం అంకె పెట్టారో లేదో ముందే చూసుకోవాలి. దిగే తీరు నచ్చకపోతే ఇంజన్‌కు పూర్తి శక్తి ఇచ్చి మళ్లీ పైకెక్కడంలో నామోషీ ఏమీ లేదు. రెండోసారి చుట్టి రావడానికి ఐదారు నిమిషాలు చాలు.

మన నిబంధనల ప్రకారం కంటిచూపు ప్రయాణం సాధారణంగా చీకటి పడకముందే ముగియాలి. సాగర్‌లో ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఆగి, ఇంటికి ఫోన్ చేసి, తెల్లారి రావాలి. దిగిన ప్రతిచోటా చేరుకున్నట్టు కబురు పంపడం మరిచిపోకూడదు. రావలసిన సమయం దాటి 30 నిమిషాలైనా జాడ లేకపోతే విమానం కోసం ఆరా మొదలవుతుంది. చివరగా రెక్కలకు తాళ్లు కట్టి, లాగ్‌బుక్‌లో ఊరి పేర్లు, గంటలు, దిగినచోట్లు ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

ఈ చుట్టు మొదటిసారి శిక్షకుడు పక్కన ఉండగానే తిరగాలి. ఆయన సంతకం పడ్డాకే ఒంటరిగా.